మా పిల్లి అటకెక్కే వేళ

మొన్న ఫెర్రీ దాటి, హాడోలో మా అమ్మాయి క్వార్టర్స్‌కి వెళ్ళి రెండు రోజులున్నాను. ఆ ఇంట్లో పిల్లి ఉందని తెలియడానికి నాకు ఆ రెండు రోజులూ పట్టింది. గిన్నెలో తిండి అయిపోతోంది, సోఫా మీద వెంట్రుకలు కనిపిస్తున్నాయి, పిల్లి మాత్రం లేదు. బయల్దేరే రోజు పొద్దున బ్యాగు తీద్దామని మంచం కిందికి వంగితే, గోడవార చీకట్లో రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి.

"నీ మీద కోపమేం కాదమ్మా," అంది మా అమ్మాయి. "కళ్ళు తెరిచిన కొత్తలో ఎవరి చేతుల్లో తిరిగితే దానికి వాళ్ళే మనుషులట. మిగతావాళ్ళంతా..." తెలుగు మాట దొరక్క కాసేపు ఆగింది. "ఖత్రా."

ప్రమాదమని దాని ఉద్దేశం. నవ్వి ఊరుకున్నాను. కానీ బాంబూఫ్లాట్‌కి తిరిగి వస్తూ ఫెర్రీలో కూర్చున్నంతసేపూ ఆ కళ్ళే గుర్తొచ్చాయి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లోనూ అలాంటి పిల్లి ఉండేది. అది ఎవరిని చూసి దాక్కుంటుందో, ఎవరిని చూసి దాక్కోదో చూసి మేం ఒక మనిషి బతికున్నాడో లేదో తేల్చుకోవాలని చూసిన రోజులున్నాయి.

మా ఇల్లు బాంబూఫ్లాట్ జెట్టీ మీంచి పైకి వెళ్ళే దారిలో ఉండేది. చెక్క గోడలు, రేకుల కప్పు. వంటింటి మీద పలకలు పరిచిన అటక. అందులో పాత వలలు, ఎండుచేపల డబ్బాలు, విరిగిన తెడ్లు. వానాకాలంలో ఇల్లంతా తడి వల వాసన, డీజిల్ వాసన, ఎండుచేపలు కాల్చిన వాసన. నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు. కుర్రతనంలోనే శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డునుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చాడు. తరవాత మామ్మని, అంటే వాళ్ళమ్మని, తెచ్చుకున్నాడు. అమ్మ ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల. కోపమొస్తే హిందీలో తిట్టేది, దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు తెలుగులో మొక్కేది.

ఆ పిల్లి మాకు దొరికింది కూడా వానాకాలంలోనే. ఒడ్డున బోర్లించిన డోంగీ పడవ కింద, వల కుప్పలో, ఇంకా కళ్ళు తెరవని కూన. తల్లి ఏమైందో తెలియదు. నాన్న దాన్ని చొక్కాలో వేసుకుని తెచ్చి, వల అల్లే దారాన్ని పాలలో ముంచి చీకించాడు. ఆ రెండు నెలలూ గాలివానలు, పడవలు కట్టేసి ఉన్నాయి, మా గడప తొక్కిన మనిషి లేడు. దానికి తెలిసిన లోకం మేం నలుగురమే. అందులోనూ నాన్న ఎక్కువ. రాత్రుళ్ళు ఆయన పొట్ట మీదే పడుకునేది. దానికి పేరు పెట్టలేదు. అమ్మ పిల్లి అనేది, నేను బిల్లీ అనేదాన్ని, మామ్మ 'ఆ దొంగముండ' అనేది.

వానలు వెలిసి మనుషులు రావడం మొదలయ్యాక తెలిసింది దాని సంగతి. ఎవరైనా దారి మలుపు తిరిగేసరికే చెవులు నిక్కబొడుచుకుని, గోడ పాకి అటకెక్కేసేది. వాళ్ళు వెళ్ళి చాలాసేపైతే గాని దిగేది కాదు. అమ్మకి అదొక సౌకర్యమైంది. పిల్లి అటకెక్కిందంటే టీకి నీళ్ళు పడేసేది. నీళ్ళు కాగేసరికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఉండేవారు.

నేనొకసారి దాన్ని మోసం చేద్దామనుకున్నాను. పక్కింటి దీదీ చెప్పులు వేసుకుని, ఆవిడ అత్తరు మెడకి రాసుకుని, ఆవిడలాగే కాళ్ళీడ్చుకుంటూ ఇంట్లోకి వచ్చాను. అది అటకెక్కింది. "నేనే," అన్నాను. తల బయటికి పెట్టి నా మొహం కేసి చూసింది. నా గొంతు విన్నది, నా మొహం చూసింది, అయినా ఆ రోజంతా దిగలేదు. సాయంత్రం అమ్మ నా మెడ సబ్బుతో తోమి, నాలుగు తగిలించాక గాని నా దగ్గరికి రాలేదు.

రోజూ మూడు గంటల ఫెర్రీకి ఒకతను వచ్చేవాడు. నాన్నతో పాటు వేటకి వెళ్ళేవాడు, నాన్న ఊరివాడే. పెళ్ళి కాలేదు. గోల్ ఘర్‌లో చెల్లెలి ఇంట్లో ఉండేవాడు. నేను చిన్నాన్న అని పిలిచేదాన్ని. మా ఇంట్లో టీ తాగి, ఇద్దరూ కలిసి జెట్టీకి దిగేవారు, మర్నాడు పొద్దున వచ్చేవారు. మూడేళ్ళుగా వస్తున్నా అతను మా పిల్లి మొహం చూడలేదు. ఫెర్రీ కూత వినపడగానే అది పైకి పోయేది. అతను అటక కింద నిలబడి కాల్చిన ఎండుచేప ఊపేవాడు.

"మీ ఇంట్లో పిల్లీ నేదు, గిల్లీ నేదు," అనేవాడు నాతో. "మీరంతా కలిసి నన్ను ఎర్రోణ్ణి సేస్తన్నారు."

ఒక సాయంత్రం అలాగే టీ తాగి ఇద్దరూ వెళ్ళారు. మర్నాడు పొద్దున డోంగీ రాలేదు.

రెండో రోజు మిగతా పడవలవాళ్ళు వెతకడానికి వెళ్ళారు. మూడో రోజు సర్కారు ఓడ కూడా వెతకడానికి వెళ్ళిందన్నారు. ఇంజను ఆగిపోయి ఉంటుంది, నీటివాలుకి పోయి ఉంటారు అన్నారు. పక్కింటి దీదీ రోజూ అన్నం గిన్నె తెచ్చి పెట్టి, "చింతా మత్ కరో, ఆ జాయేగా," అని, దిగులుపడొద్దని అమ్మ వీపు నిమిరి వెళ్ళేది. ఆవిడ వచ్చినప్పుడల్లా పిల్లి అటకెక్కేది. అది మామూలే. వింత ఏమిటంటే, మూడు గంటల ఫెర్రీ కూసినా అది కదిలేది కాదు. వచ్చేవాడు లేడని దానికీ తెలిసినట్టు, గుమ్మంలో ఎండలో పడుకునే ఉండేది. అలా ఐదు రోజులు.

ఆరో రోజు ఫెర్రీ కూసింది. కాసేపటికి పిల్లి లేచి కూర్చుంది. మలుపు వైపు చూసింది. ఒళ్ళు ముడుచుకుని ఒక్క గెంతులో గోడ పాకి అటకెక్కింది. అమ్మ అలవాటు కొద్దీ లేచి టీకి నీళ్ళు పెట్టేసింది. నీళ్ళు కాగాయి. మరిగాయి. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. నేను వెళ్ళి మలుపు దాకా చూసి వచ్చాను. దారి మొత్తం ఖాళీ. కొబ్బరాకు కూడా కదలడం లేదు.

అమ్మ పొయ్యి ఆర్పింది. మామ్మ లేచి ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, గడప పక్కన పెట్టి, మళ్ళీ తన పీట మీద కూర్చుంది.

"అదేంటత్తా?" అంది అమ్మ.

"సముద్రం మీంచి ఒచ్చినోడికి దాహమౌతాది."

"ఎవరూ రాలేదు. దానికి ఆదత్, ఆ వేళకి అలవాటు, అంతే."

"అయిదు రోజులు ఏమైపోనాదే ఆ ఆదత్తు?"

ఏడో రోజూ అంతే. ఎనిమిదో రోజూ అంతే. ఫెర్రీ కూత, ఆ తర్వాత జెట్టీ నుంచి మనిషి నడిచి రావడానికి పట్టేంత సేపు, అప్పుడు పిల్లి పైకి. పట్టపగలు. ఎండ గుమ్మంలోకి పలకలా పడి ఉండేది. మేం ముగ్గురం ఆ ఎండ పలక కేసి చూస్తూ కూర్చునేవాళ్ళం. గ్లాసులో నీళ్ళు కదలకుండా ఉండేవి. నాకు ఆ వేళకి ఇంట్లో ఉండాలనిపించేది కాదు. బయటికి పోదామంటే ఆ గడపే దాటాలి.

ఎనిమిదో రోజు సాయంత్రం అమ్మ నా జడ వేస్తూ, ఎవరితోనో వాదిస్తున్నట్టు అంది, "మీ నాన్నని చూసి అది అటకెక్కదు. చచ్చినా ఎక్కదు. వచ్చేది ఆయన కాదు."

నాకు అది లెక్క కుదిరినట్టు అనిపించింది. "అయితే చిన్నాన్నా?" అన్నాను.

అమ్మ చెంప మీద కొట్టింది. అంతవరకూ ఎప్పుడూ వీపు మీద తప్ప కొట్టలేదు. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, నా తల మీద గడ్డం ఆనించి చాలాసేపు ఉండిపోయింది. అప్పుడు తెలియలేదు గాని, ఆమె రోజంతా మనసులో తిప్పుకుంటున్న మాటనే నేను పైకి అనేశాను. తన మనిషి బతికుండాలని కోరుకుంటే, గడప దగ్గరికి వస్తున్నది ఇంకొకరు కావాలి. టీ పోసిన చేతులతో అలా కోరుకోవడం ఆమె వల్ల కాలేదు.

పదకొండో రోజు జెట్టీలో టికెట్లిచ్చే భయ్యా పరిగెత్తుకుంటూ వచ్చాడు. డోంగీ దొరికింది, ఓడవాళ్ళు ఎక్కించుకున్నారు, ఒక మనిషి బతికున్నాడు అన్నాడు. ఎవరో తెలియదన్నాడు. అమ్మ ఏ ప్రశ్నా అడగలేదు. చీర మార్చుకుని, నాన్న లుంగీ, చొక్కా సంచిలో పెట్టుకుని ఫెర్రీ ఎక్కింది. ఓడ హాడోలో ఆగింది. దించింది నాన్ననే.

రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచారు. నన్ను చూడనివ్వలేదు. ఇంటికి తెచ్చే రోజు మామ్మ గుమ్మం కడిగింది, చేపల పులుసు పెట్టింది, నేను పిల్లిని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నాన్న మలుపు తిరిగాడు. అమ్మ భుజం పట్టుకుని నడుస్తున్నాడు. గుండు చేసేశారు. మొహం మీద చర్మం నల్లగా మాడి పొరలు లేస్తోంది. నన్ను పిలిచాడు. ఉప్పునీళ్ళు తాగిన గొంతు, రేకు మీద గీసినట్టుంది.

పిల్లి నా చేతుల్లో గట్టిపడింది. నా మోచెయ్యి చీరేసి, ఆయన కేసి చూస్తూనే వెనక్కి పాకి, అటకెక్కేసింది.

నాన్న గడప బయటే ఆగిపోయాడు. పరాయి ఇంటికి వచ్చినవాడు లోపలికి రమ్మనేదాకా ఆగినట్టు ఆగాడు.

"మందుల వాసన," అంది అమ్మ గబగబా. "ఆసుపత్రి వాసన, ఇంకేం లేదు."

మామ్మ కొడుకు మొహం చూడలేదు. ఆయన భుజం పక్కన, ఖాళీగా ఉన్న చోటు చూసింది. తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. ఒకటి ఆయన చేతికిచ్చి, రెండోది గడప పక్కన పెట్టింది.

"ఆడి కూడా ఎవులో ఒచ్చినారు," అని వంటింట్లో అమ్మతో అనడం నేను విన్నాను.

నాన్న ఆ గ్లాసు కేసి ఎంతసేపు చూశాడో నాకు గుర్తుంది. మామ్మ ఒక్కసారే అడిగింది, అతను ఎన్నో రోజున పోయాడని. లెక్క తప్పిపోయిందన్నాడు. పోలీసులకి ఏం చెప్పాడో అదే మాకూ చెప్పాడు. అతను నీళ్ళలోకి పోయాడు, తను చూడలేదు.

ఆ తర్వాతి రోజులు నాకు చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. నేను నాన్న దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. ఆయన దగ్గర బీడీ వాసన లేదు, డీజిల్ వాసన లేదు, చేప వాసన లేదు. రాత్రి ఆయన పక్కన పడుకోనని ఏడ్చి మామ్మ పక్కలోకి పోయేదాన్ని. ఆయన పిలిస్తే ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళేదాన్ని, వంటింట్లోంచి పీట ఎక్కి అటక మీదికి. అక్కడ పిల్లీ నేనూ. పలకల సందుల్లోంచి ఆయన గుండు కనిపించేది. అది నాన్న తలేనా అని చూస్తూ ఉండేదాన్ని. మామ్మ అన్నది చెవిన పడకపోయి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. కానీ పిల్లికి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా.

ఆయన ఎప్పుడూ కోప్పడలేదు. ఒక ఎండుచేప ముక్క కాల్చి అటక కింద పెట్టేవాడు. కాస్త దూరంగా వెళ్ళి కూర్చునేవాడు. అది దిగేది కాదు. సాయంత్రానికి చీమలు పట్టేవి.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం అమ్మ నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళింది. మామ్మ పక్కింటి దీదీ దగ్గర కర్రపెండలం ఒలుస్తోంది. నేను అటక మీదున్నాను. ఫెర్రీ కూసింది. పిల్లి పైకి వచ్చి నా పొట్టకి ఆనుకుంది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. కింద నాన్న వచ్చి గడప దగ్గర, ఆ గ్లాసు పక్కన కూర్చున్నాడు.

"ఒచ్చినావా," అన్నాడు. "కూకో."

కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచాను, మూసుకుంటే ఇంకా భయమేసింది.

"నువ్వు తొంగున్నావు," అన్నాడు నాన్న ఆ గీసుకుపోయిన గొంతుతో. మెల్లగా, ఎదుటివాడికి నచ్చజెప్పినట్టు. "నీళ్ళ క్యాన్లో గుక్కెడు ఉండిపోనాది. సగం నీకు ఉంచుదామనే మూత తీసినాను. తీసినాక నా సెయ్యి నా మాట ఇనలేదు. నువ్వు లేచి అడిగితే ఒలికిపోనాదని సెప్పినాను. నువ్వు నమ్మినావు. నమ్మి, పోన్లేరా, నీ తప్పేటి అన్నావు. తెల్లారి సూస్తే నీ సోటు కాళీ. దూకినావో, జారినావో. ఆ మర్నాడు వాన కురిసింది. క్యాను నిండిపోనాది."

ఆయన భుజాలు కదలడం పలకల సందులోంచి చూశాను. ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది, అది నాన్నే అని. అలా ఏడ్చేవాడు ఇంకెవరో కాలేడు. అయినా దిగలేదు. చిన్నాన్న నిజంగా అక్కడ కూర్చుని వింటున్నాడేమో, నేను దిగితే అతని ఎదురుగా దిగాలేమో అని నోట్లో గౌను కుక్కుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నాన్న చొక్కా వేసుకుని, "గుంటా, నాతో గోల్ ఘర్ ఒస్తావా," అని అడిగాడు. నేను మామ్మ వెనక్కి జరిగాను. అమ్మ నా చెయ్యి తీసుకుని ఆయన చేతిలో పెట్టింది. ఫెర్రీలో మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాను. ఆయన ఆ చోటు కేసి చూశాడు.

చిన్నాన్న చెల్లెలి ఇల్లు బజారు వెనక సందులో ఉంది. ఆవిడ తలుపు తీసింది. నాన్న లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడే, ముందురోజు గ్లాసుకి చెప్పిన మాటలే, అదే వరసలో, ఆవిడకి చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. లోపల కుక్కరు కూస్తోంది. ఆవిడ వెళ్ళి దాన్ని ఆపలేదు. కూతలన్నీ అయ్యేదాకా తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఊళ్ళో మా అమ్మకి ఈ మాట తెలియకూడదు," అంది చివరికి. "నా దగ్గర ఆగిపోవాలి."

లోపలికి వెళ్ళి ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నాన్నకి అందించింది. ఆయన పుచ్చుకోలేదు. ఆవిడ చెయ్యి అలాగే చాపి ఉంచింది.

"తాగన్నా."

ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగాడు. అడుగు కనిపించేదాకా ఆవిడ కదలకుండా చూసింది. అప్పుడు గ్లాసు తీసుకుని, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి, తలుపు మూసుకుంది. గట్టిగా కాదు. అది క్షమించడమో, శిక్ష వెయ్యడమో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్నకి తెలిసే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీలో ఆయన నిద్రపోయాడు. ఇంటికొచ్చాక ఆయన పగలు నిద్రపోవడం చూడటం అదే మొదలు.

దాంతో అంతా తీరిపోయిందని చెప్పను. పిల్లి ఆ తర్వాత కూడా చాలా రోజులు మూడింటికి అటకెక్కింది. మామ్మ కూడా కొన్నాళ్ళు గ్లాసు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఒక రోజు మానేసింది. నాన్న ఇంకొకరి డోంగీలో వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. మళ్ళీ వానలు పట్టాయి. ఒక రోజు ఆయన తడి వల ఒళ్ళో వేసుకుని బాగుచేస్తుంటే పిల్లి దిగింది. ఆయన మడమ వాసన చూసింది, వేళ్ళు వాసన చూసింది, వల మీదెక్కి పడుకుంది. ఆయన సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంచి, అది నిద్రపోయేదాకా కదలలేదు.

వాసన తిరిగొచ్చింది కాబట్టి దిగిందని మా అమ్మాయి అంటుంది. రెండోవాడు వెళ్ళిపోయాడు కాబట్టి దిగిందని మామ్మ పోయేదాకా నమ్మింది. ఆ ఆరో రోజు ఎండ గుర్తొచ్చినప్పుడు నాకు మామ్మ మాటే నిజమనిపిస్తుంది. మిగతా రోజుల్లో మా అమ్మాయి మాట.

నేను నాన్నకి చేరువ కావడానికి పిల్లి కంటే ఎక్కువ కాలమే పట్టింది. చాలా ఏళ్ళ తర్వాత, ఆయన వేట మానేసి ఇంటి పట్టునే వలలు అల్లుతున్న రోజుల్లో, ఒకసారి పక్కన కూర్చుని అడిగాను. "ఆ రోజు నేను అటక మీదున్నానని నీకు తెలుసా?"

ఆయన సూది ఆపలేదు. "పిల్లి ముక్కు ఎగబీల్చదు కదే," అన్నాడు.

"మరి ఎవరితో మాట్లాడావు? చిన్నాన్నతోనా, నాతోనా?"

ముడి వేసి, దారం పంటితో కొరికాడు.

"ఎవులు దిగొస్తే ఆళ్ళతో అనుకున్నాను."

ఆ రోజు నేను దిగలేదు. అమ్మ బిందెతో తిరిగొచ్చి, నాన్నని అక్కడ చూసి, బిందె కింద పెట్టి ఆయన పక్కన కూర్చునేదాకా, పిల్లిని గట్టిగా పట్టుకుని పైనే ఉన్నాను.